వనరాజా కోడిపిల్లల్లో రక్తపారుడు: మందు ఆపాలా, కొనసాగించాలా?

ప్రశ్న: మా షెడ్డులో 300 వనరాజా పిల్లలను పెంచుతున్నాము. నాలుగో వారంలో ముసురు పట్టినప్పుడు రక్తపారుడు వచ్చి కొన్ని చనిపోయాయి. నీటిలో ఆంప్రోలియం కలిపి ఇస్తుంటే తగ్గింది. మళ్లీ రాకుండా దీన్ని అమ్మేవరకూ ఇవ్వవచ్చా? ఈ జబ్బు టీకాను సూదితో కాకుండా నోటి ద్వారానే ఎందుకు ఇస్తారు? – ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: పశువైద్యుడు చెప్పిన చికిత్స గడువు ముగియగానే ఆంప్రోలియం ఆపివేయండి. అమ్మేవరకూ ఇస్తే జబ్బు అణిగినట్లు కనిపిస్తుంది గానీ, పిల్లల పేగుల్లో ఏర్పడవలసిన రక్షణ సరిగా ఏర్పడదు. మీ రెండు ప్రశ్నలకూ సమాధానం పేగు గోడలోనే ఉంది కనుక అక్కడ జరిగేదాన్ని కొంత వివరంగా చెబుతాను.

ఈ జబ్బుకు కారణం ఐమీరియా టెనెల్లా అనే ఏకకణ పరాన్నజీవి. రెట్టతో బయటపడిన దీని గుడ్లు (ఊసిస్టులు) తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమై, ఊకను గీరి తినే పిల్లల కడుపులోకి చేరుతాయి. ఒక్కో గుడ్డు నుంచి 8 జీవులు వెలువడి, పేగు చివర జంట తిత్తుల్లా ఉండే సీకాల లోపలి పొరలోకి దూరి, నాలుగైదు రోజుల్లోనే పెరిగి ఆ కణాలను పగలగొడతాయి. చనిపోయిన పిల్లను కోసి చూస్తే సీకాలు ఉబ్బి, గడ్డకట్టిన నెత్తురుతో నిండి ఉంటాయి.

ఆ పొర కింద కాపలా కణాలు ఉంటాయి. ఇవి పరాన్నజీవి శకలాలను మింగి, వాటి ఆనవాళ్లను సీకాల మొదట్లో ఉండే సీకల్ టాన్సిల్స్‌లోను, పేగు గోడలోని ఇతర లింఫు కణాల గుంపుల్లోను టి-లింఫోసైట్లకు (ఒక రకం తెల్ల రక్తకణాలకు) చూపుతాయి. (పశువులకు ఉన్నట్లు కోళ్లకు లింఫు గ్రంథులు ఉండవు, అందుకే ఈ గుంపుల ప్రాధాన్యం ఎక్కువ.) ఆ ఆనవాలును పోల్చుకోగల లింఫోసైట్లు మాత్రమే మేల్కొని, విభజన చెంది, రక్తంలోకి దిగి, ఒంట్లో తిరిగి, చివరికి మళ్లీ పేగు గోడకే చేరి లోపలి పొర కణాల మధ్య కుదురుకుంటాయి. వాటి ఉపరితలంపై ఏర్పడే ప్రత్యేక ప్రోటీన్లే ఈ దారి చూపుతాయి. అవి ఏర్పడడానికి విటమిన్-ఎ కావాలని ఎలుకలపై జరిగిన పరిశోధనలో 2004లో తేలింది. విటమిన్-ఎ లోపించిన కోడిపిల్లల్లోనూ పేగు పొరలోని లింఫోసైట్లు తగ్గుతాయి.

అదే జీవి మళ్లీ వచ్చినప్పుడు, పొరలో సిద్ధంగా ఉన్న ఈ కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే రక్షక ప్రోటీన్‌ను విడుదల చేసి దాని ఎదుగుదలను తొలి దశలోనే అడ్డుకుంటాయి. ఇందులో యాంటీబాడీల పాత్ర తక్కువ; యాంటీబాడీలు తయారుచేసే కణాలకు పుట్టిల్లయిన బర్సా అనే అవయవాన్ని తొలగించిన కోళ్లు సైతం రెండోసారి జబ్బును తట్టుకున్నాయి. రక్షణ పేగు గోడలోనే ఏర్పడాలి కనుక, టీకాగా సజీవ ఊసిస్టులను నోటి ద్వారా ఇచ్చేది ఇందుకే. అయితే ఒక జాతి ఐమీరియాపై వచ్చిన రక్షణ మరో జాతిపై పనిచేయదు. కోలుకున్న మీ పిల్లలకు చిన్న పేగును దెబ్బతీసే ఐమీరియా నెకాట్రిక్స్ సోకవచ్చు.

తదుపరి బ్యాచ్‌కు మొదటి వారంలోపే టీకా ఇప్పించండి. టీకాలోని జీవులు రెట్టతో బయటపడి, ఊక నుంచి కొద్దికొద్దిగా తిరిగి లోపలికి చేరుతూ రెండు మూడు చక్రాలు పూర్తిచేశాకే, అంటే సుమారు మూడు నాలుగు వారాలకు, రక్షణ గట్టిపడుతుంది. ఆ రోజుల్లో ఊకను పూర్తిగా మార్చవద్దు. స్టార్టర్ దాణాలో ఐమీరియాను అణచే కాక్సిడియా మందు కలిసి ఉంటే టీకా వృథా అవుతుంది కనుక బస్తాపై చూసి మరీ కొనండి. పిడికెడు ఊకను గట్టిగా నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్లే, అప్పుడు గుడ్లు మితిమీరి పక్వమై టీకా వేసిన పిల్లలు కూడా జబ్బుపడతాయి. నీటి తొట్ల చుట్టూ తడిసిన ఊకను మాత్రం ఎప్పటికప్పుడు తీసివేయండి.

గంబోరో టీకాను వేళకు వేయించండి, బూజు పట్టిన మొక్కజొన్నను దాణాలో వాడవద్దు. గంబోరో వ్యాధి, బూజులోని విషమైన అఫ్లాటాక్సిన్ రెండూ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయి. ఆంప్రోలియం పరాన్నజీవికి విటమిన్ బి1 అందకుండా చేసి పనిచేస్తుంది కనుక, చికిత్స సాగినన్నాళ్లు బి-కాంప్లెక్స్ టానిక్‌లు ఆపి, అది ముగిశాక విటమిన్-ఎ ద్రావణాన్ని నీటిలో కలిపి ఇవ్వండి.