పైపు పొగాకు డబ్బా మీద ‘ఇంగ్లిష్’, ‘అరోమాటిక్’ అంటే ఏమిటి?

తాతగారి పైపు దొరికింది, డబ్బాల మీద పేర్లు చూస్తే తల తిరుగుతోంది అని ఒకరు అన్నారు. వాటిలో కొన్ని ఆకు పేర్లు, కొన్ని కలిపే పద్ధతి పేర్లు. తికమకంతా అక్కడే.

వర్జీనియా మనకు కొత్త కాదు. ప్రకాశం జిల్లా బ్యారన్లలో వేడికి ఆరబెట్టేది ఆ రకమే. చక్కెర ఎక్కువ, ఎండుగడ్డి వాసన, తియ్యదనం. గబగబా పీలిస్తే మాత్రం నాలుక చురుక్కుమంటుంది. బర్లీ నీడలో గాలికి ఆరేది. చక్కెర తక్కువ, పట్టించిన రుచుల్ని బాగా పీల్చుకుంటుంది.

ఇంగ్లిష్ బ్లెండ్ (మిశ్రమం) అంటే సాధారణంగా లటాకియా అనే ఆకు కలిసినది. సైప్రస్‌లో ఈ ఆకును కట్టెల పొగలో వేలాడదీసి నల్లగా చేస్తారు. మొదటిసారి మూత తీయగానే నాకు జాలరిపేటలో ఎండుచేపలు కాల్చే పొయ్యి గుర్తొచ్చింది. నచ్చితే ప్రాణం, నచ్చకపోతే ఇంట్లోవాళ్లు బాల్కనీలోకి తరుముతారు!

పెరీక్ అనే ఆకు అమెరికాలోని లూసియానాది. పీపాల్లో ఒత్తిడి పెట్టి పులియబెడతారు. మిరియాల ఘాటు ఉంటుంది కాబట్టి వర్జీనియాలో కొంచెమే కలుపుతారు.

అరోమాటిక్‌లో వెనీలా, చెర్రీ లాంటివి పట్టిస్తారు. వాసన పక్కవాళ్లకు కమ్మగా ఉంటుంది, కాల్చేవాడికి అంత రుచి తెలియదు. పైగా తడి ఎక్కువ, పైపు గుడగుడలాడుతుంది. మన వైజాగ్ ఉక్కలో అది త్వరగా ఆరదు. ఫ్యాన్ కింద కాగితం మీద అరగంట పరిచి చూడండి.

పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉంది. మన తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) కాల్చే ముసలమ్మల అంగిళ్లు చూసిన డాక్టర్లకు ఆ సంగతి బాగా తెలుసు.

కొనేటట్టయితే చిన్న డబ్బా చాలు, ముందు వర్జీనియాయే.