బాబు ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి, బరంపురం నుంచి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుణుపురం నుంచి నువ్వు పంపిన ఉత్తరమూ, బాబు పాత రిపోర్టులూ అందాయి. రెండు మందులు సరైన మోతాదులో వాడినా రాత్రిపూట ఫిట్స్ ఆగడం లేదనీ, అవి మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబ్‌లో పుడుతున్నాయేమోనని డాక్టరుగారు అనుమానించి ఆపరేషన్ మాట ఎత్తారనీ రాశావు. నేను డాక్టరును కాను గాని, ఉద్యోగ జీవితమంతా ఈఈజీ (తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష) గదిలో టెక్నీషియన్‌గా గడిపినవాణ్ణి కనుక, నువ్వు ఏమేమి అడగాలో, ఎక్కడ తొందరపడకూడదో చెప్పగలను.

నువ్వు మొదట అడిగింది నయమయ్యే అవకాశం నూటికి ఎంత అని. దానికంటే ముందు, ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో తేలిందా అని అడగాలి. ఈ జబ్బులో ఆపరేషన్ ఫలితం చాలావరకు ఆ చోటు ఎంత కచ్చితంగా దొరికిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఫ్రంటల్ లోబ్ నుదుటి వెనుక ఉంటుంది. మెదడు పైపొరలో దాదాపు మూడో వంతు అదే. అందులో చాలా భాగం రెండు అర్ధగోళాల మధ్య సందులోనూ, కంటి గూళ్ల పైనా దాగి ఉండటం వల్ల తలకు అంటించిన తీగలకు అక్కడి విద్యుత్తు సరిగా అందదు. అందినా, అది క్షణంలో రెండో వైపుకు పాకుతుంది. పైగా కాళ్లూ చేతులూ కొట్టుకోవడంతో కండరాల అలజడి గీతలను కప్పేస్తుంది. కాబట్టి ఈఈజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన అవి ఫిట్స్ కావని అనుకోవద్దు. నిద్రలో అరిచి, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించి, అర నిమిషంలో తేరుకుని మాట్లాడే పిల్లవాణ్ణి చూసి ఊళ్లో గాలి సోకిందంటారు. కొందరు వైద్యులు కూడా పీడకల అనో, మనోవ్యాధి అనో అంటారు. అలా ఏళ్లు పోగొట్టుకున్న పిల్లలను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే నీ ఫోన్‌లో తీసే వీడియో చాలా విలువైనది. దుప్పటి తీసేసి, దీపం వేసి, ఒళ్లంతా కనిపించేలా తియ్యి. బాబు తేరుకుని మాట్లాడేదాకా ఆపకు. ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, తల బలవంతంగా ఎటు తిరిగింది, పిలిస్తే పలికాడా, తరువాత ఏ చేతిలోనైనా బలం తగ్గిందా అన్నవన్నీ చోటు చెప్పే ఆధారాలే. తల బలవంతంగా ఒక పక్కకు తిరిగితే, ఫిట్ సాధారణంగా మెదడు రెండో వైపున పుట్టి ఉంటుంది. రాత్రి బాబు పక్కన పడుకునేది మీ అత్తగారు కనుక ఆవిడను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లు. కళ్లారా చూసినవారి మాటకు సాటి లేదు. ఫిట్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు; అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మామూలు ఎమ్మారైలో ఏమీ లేదన్నారు గాని, మూర్ఛ కోసం ప్రత్యేకంగా 3 టెస్లా అనే ఎక్కువ శక్తి గల ఎమ్మారై యంత్రంపై సన్నని పొరలుగా తీసి, అనుభవజ్ఞులు చదివితే, మెదడు మడత అడుగున పుట్టుకతో వచ్చిన చిన్న లోపం బయటపడవచ్చు. ఈఈజీతోపాటు వీడియో కూడా తీసే వీడియో ఈఈజీ కోసం ఆసుపత్రిలో చేర్చుకుని, అక్కడే ఫిట్ వస్తే చూడటానికి మందులు తగ్గిస్తారు. ఇంట్లో మాత్రం మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా తగ్గించవద్దు. ఇవన్నీ ఒకే చోటును చూపితే మంచిదే. లేకపోతే మెదడులో ఏ భాగం ఎలా పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్, ఫిట్ సమయంలో రక్తం ఎక్కడికి ఎక్కువగా పారిందో చూపే స్పెక్ట్ స్కాన్ వంటివి ఉంటాయి, ఆ తరువాత తలకు చిన్న రంధ్రాలు చేసి లోపలికి సన్నని తీగలు పంపే స్టీరియో ఈఈజీ. పారిస్‌లో తలైరాక్, బాంకో అనే వైద్యులు రూపొందించిన పద్ధతి ఇది. అయితే ఆ తీగ తాను ఉన్నచోటి సంగతే చెబుతుంది గనుక, ఎక్కడ వెతకాలో ముందే బలమైన అంచనా ఉండాలి. ఆ అంచనా ఏమిటో నీకు అర్థమయ్యేలా చెప్పమని అడుగు.

ఇక అంకెల సంగతి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై చేసి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడాది గడిచాక చూస్తే ఆపరేషన్ అయినవారిలో నూటికి 77 మందికి, మందులే వాడినవారిలో నూటికి 7 మందికి ఫిట్స్ ఆగాయి. కాని అందులో రకరకాల ఆపరేషన్లు ఉన్నాయి, ఆ అంకెను బాబుకు నేరుగా అన్వయించవద్దు. ఫ్రంటల్ లోబ్ ఆపరేషన్లపై అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 2007లో ప్రకటించిన అంచనా ప్రకారం ఫిట్స్ లేకుండా ఉన్నవారు ఏడాదికి నూటికి సుమారు 56, అయిదేళ్లకు సుమారు 30. ఎమ్మారైలో లోపం కనిపించి, దాన్ని పూర్తిగా తీయగలిగినవారికి అవకాశం మెరుగు. కాబట్టి శాతం చెప్పినప్పుడల్లా అది ఎన్నేళ్లకు, ఎలాంటి పిల్లలకు అని అడుగు.

కదలికలకూ మాటకూ సంబంధించిన భాగాలు ఆ చోటుకు ఎంత దగ్గరో కూడా అడుగు. కొన్ని చోట్ల ఆపరేషన్ తరువాత మాట ఆగి, ఒక పక్క బలహీనపడి, వారాల్లోనో నెలల్లోనో ఆ మాటా బలమూ తిరిగి వస్తాయి. ముందే తెలియకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఫిట్స్ ఆగినా మందులు వెంటనే మానరు.

విశాఖలో మొదటి పరీక్షలు చేయించినా, చివరి నిర్ణయానికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆసుపత్రి గాని, మెదడు జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి గాని మేలని నా అభిప్రాయం. న్యూరాలజిస్టు, సర్జను, రేడియాలజిస్టు కలిసి కూర్చుని ఏమి తేల్చారో రాతలో తీసుకో. ఫిల్ములు చాలవు, ఎమ్మారై సీడీ తప్పక అడిగి ఉంచు. వీడియోలు తీసిన తేదీ, సమయం కాగితం మీద రాసి నాకు పంపితే, డాక్టరుగారికి ఏవి ముందు చూపాలో వరుస చేసి పంపుతాను.

మీ మావయ్య