ఫిట్స్ అంటే మెదడులో కరెంటు ఎక్కువవడమా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. కొన్నాళ్లుగా పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడినట్టు అదిరి, పట్టుకున్న గ్లాసు జారిపోతోంది. పోయిన నెల పెద్ద ఫిట్స్ వచ్చాయి. ఈఈజీ (మెదడులోని కరెంటును చూసే పరీక్ష) తీసి మూర్ఛ అని చెప్పి మాత్రలు రాశారు. మెదడు కణాల మధ్య కరెంటు నేరుగా పాకే దారులుంటాయని, వాటివల్లే ఫిట్స్ వస్తాయని చదివాను. వాటిని మూసేసే మందు లేదా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చదివింది తప్పు కాదు, కానీ అందులో సగమే ఉంది. మెదడు కణాలు ఎక్కువగా రసాయనాల ద్వారానే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. కొన్నిటి మధ్య మాత్రం అతి సన్నని గొట్టాల్లాంటి దారులుంటాయి. వీటిని గ్యాప్ జంక్షన్లు అంటాం. ఎక్కువగా కనెక్సిన్-36 అనే ప్రొటీన్‌తో తయారయ్యే ఈ దారుల్లో కరెంటు దాదాపు ఆలస్యం లేకుండా పక్క కణంలోకి వెళ్తుంది. అందుకే ఆ కణాలు కలిసికట్టుగా పనిచేయగలవు.

ఫిట్స్‌లో జరిగేది కరెంటు పెరగడం ఒక్కటే కాదు, లెక్కలేనన్ని కణాలు ఒకేసారి చెలరేగడం. సంతలో ఎవరి మాట వాళ్లదే. అందరూ ఒక్కసారిగా ఒకే కేక పెడితే ఇంకేదీ వినపడదు. ఈ దారులు ఆ కేకను వేగంగా పాకించగలవు.

అలాగని మూసేస్తే సరిపోదు. మెదడు పైపొరలో ఇవి ఎక్కువగా ఉండేది మిగతా కణాలను అదుపు చేసే కణాల మధ్యే. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో వీటిని మూస్తే కొన్నిసార్లు ఫిట్స్ తగ్గాయి, కొన్నిసార్లు పెరిగాయి. మలేరియాకు వాడే మెఫ్లోక్విన్ ఈ దారులను మూస్తుంది, అయినా ఫిట్స్ ఉన్నవాళ్లకు దాన్ని ఇవ్వకూడదు. కాబట్టి ఈ దారులను మూసే మందు కోసం వెతక్కండి, ఇచ్చిన మాత్రలు ఒక్క పూట కూడా మానిపించకండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీలా ఉంది, అంటే టీనేజీ వయసులో ఇలాంటి అదురుతో వచ్చే ఒక రకం మూర్ఛ. మందులతో చాలామందిలో బాగా అదుపులో ఉంటుంది. నిద్ర తగ్గితే మాత్రం ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పరీక్షల టెన్షన్ ఎంతున్నా రాత్రంతా మేల్కొని చదవనివ్వకండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

మాత్రల్లో వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు ఉందేమో చూడండి. మున్ముందు గర్భం వస్తే అది బిడ్డకు హాని చేయగలదు కాబట్టి, ఆడపిల్లలకు వేరే మందు కుదురుతుందా అని న్యూరాలజిస్టును తప్పక అడగండి. మీ అంతట మీరు మాత్రం మార్చకండి. పొద్దున చేతులు అదిరేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఆయనకు చూపించండి. కార్బమాజెపైన్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు ఈ అదురును పెంచుతాయి, అందుకే ఆయన దాన్ని కళ్లారా చూడాలి.