వేపపుల్లతో తోముకునేవారికి ఫ్లాస్ దారం అవసరమా?

చిత్తూరులో రోజూ వేపపుల్లతో పళ్లు తోముకునేవారికి కూడా పళ్ల సందులను శుభ్రం చేసే సన్నటి ఫ్లాస్ దారం అవసరమా అన్నది ప్రశ్న. అవసరమే. పుల్ల అయినా, బ్రష్ అయినా పంటి ముందు, వెనుక, నమిలే భాగాలను శుభ్రం చేస్తాయి గాని, రెండు పళ్లు ఆనుకునే చోటికి సరిగా చేరలేవు. అక్కడి మెత్తటి పాచి తొలగకపోతే గట్టిపడి గారగా మారుతుంది, చిగుళ్లు వాస్తాయి, పుచ్చు కూడా అక్కడే మొదలవుతుంది.

సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని, రెండు చేతుల నడివేళ్లకు చుట్టి, మధ్యలో ఒకటి రెండు అంగుళాలు మిగిల్చి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ సందులోకి దించాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. లోపలికి దిగాక దారాన్ని ఒక పంటిని చుట్టినట్లు వంచి, చిగురు అంచు కిందికి కొద్దిగా జార్చి, పైకీ కిందికీ రుద్ది, పక్కపంటికీ అలాగే చేయాలి. ఈ రెండో పంటినే చాలామంది వదిలేస్తారు. మొదట్లో కొద్దిగా రక్తం కనిపించినా మానకూడదు, రెండు వారాలు దాటినా ఆగకపోతే దంతవైద్యులకు చూపించాలి.

చిగుళ్లు దిగి సందులు వెడల్పయిన పెద్దవారికి, నా ఉద్దేశంలో, దారం కన్నా సందుల్లో దూరే చిన్న బ్రష్షే మేలు. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష కూడా, ఆధారాలు బలహీనమేనంటూనే, అటువైపే మొగ్గింది. పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారికి నీటిని చిమ్మే పరికరం ఉపయోగపడుతుంది. మామిడిపండు పీచో, సంగటితో తిన్న మాంసం పోగో ఇరుక్కున్నప్పుడు గాజులకు తగిలించుకున్న పిన్నీసుతో గెలకడం మన ఇళ్లలో మామూలే కాని, దానివల్ల చిగురు చీరుకుపోతుంది. ఎప్పుడూ ఒకే సందులో ఆహారం ఇరుక్కుంటుంటే అక్కడ పుచ్చో, సరిగా కుదరని ఫిల్లింగో ఉండవచ్చు. అది దారంతో తీరేది కాదు.