పాపకి ర్యాష్ ఎందుకొస్తోందో తెలియట్లేదా? ముందు ఒంటి మీద అది ఎక్కడ లేదో చూడండి

మీరు రాసింది చదివాను. పాపకి ఏడో నెల, మూతి చుట్టూ బుగ్గల మీద ర్యాష్, క్రీమ్ రాస్తే తగ్గుతుంది ఆపగానే మళ్ళీ వస్తుంది, ఇంట్లో అందరూ మీరు తినేదే పాలల్లోకి వెళ్లి ఇలా అవుతోందంటున్నారు, మీరు ఇప్పటికే గుడ్డు, పాలు, వేరుశనగ అన్నీ మానేశారు అయినా తగ్గలేదు, ఇక అన్ని అలర్జీలకీ కలిపి ఒకేసారి రక్త పరీక్ష చేయించేయాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు, కానీ మా బాబు విషయంలో ఇదే గందరగోళం దాటొచ్చిన తల్లిని, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో కూర్చుని కారణాలు వెతక్కూడని సందర్భాలు చెప్పేస్తా. గాజు గ్లాసు పక్కభాగం మచ్చ మీద పెట్టి గట్టిగా నొక్కి లోపల్నుంచి చూడండి, మామూలు ర్యాష్ అయితే ఆ నొక్కుడికి రంగు వెలిసిపోతుంది. వెలవకుండా ఎర్రగానో ఊదాగానో అలాగే ఉండిపోతే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం, దానికి జ్వరం కూడా తోడైతే అర్ధరాత్రయినా సరే బయల్దేరాల్సిందే. పెదాలు, కళ్ళు వాచి, ఊపిరికి ఇబ్బందిపడుతూ, వాంతులు చేసుకుంటూ ఉన్నా అంతే. చర్మం పొరలు పొరలుగా ఊడొస్తున్నా, ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు ఉన్న బిడ్డకి ఉన్నట్టుండి నొప్పితో గుంటల్లాంటి పుళ్ళు, నీటిపొక్కులు లేచినా ఆ రోజే చూపించాలి. ఇక 3 నెలల లోపు బిడ్డకి ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ర్యాష్ ఉన్నా లేకపోయినా ఆగకూడదు. మీ పాప ఆడుకుంటోంది, పాలు తాగుతోంది అని రాశారు కాబట్టి ఇవేవీ కాకపోవచ్చు, కానీ ఇది చదివే వేరే తల్లులకి పనికొస్తుందని రాశా.

ఇప్పుడు మా వాడి సంగతి. పాకడం మొదలుపెట్టిన రోజుల్లో మూతి చుట్టూ సన్న పొక్కులు లేచాయి, పైన పల్చటి పొలుసు, వేలితో రాస్తే గరుగ్గా తగిలేది. అప్పుడే ఘనాహారం పెట్టడం మొదలైంది కాబట్టి అందరి చూపూ వాడి గిన్నె మీదకి, నా కంచం మీదకి పోయింది. పిరుదుల మీద కూడా ఎర్రబడింది, అది డైపర్ ర్యాష్ అన్నారు. చేతుల వెనక వైపు గరుకుతేలింది, అది నేల రాపిడి అన్నారు. మూడు చోట్లకి మూడు పేర్లు, మూడు ట్యూబులు. తర్వాత చూపించిన చర్మవ్యాధుల డాక్టర్ ముందుగా వాడి బట్టలన్నీ విప్పమన్నారు, డైపర్‌తో సహా. వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, వీపు, పొట్ట, తొడలు ఇంత నున్నగా ఉన్నాయి కదా, ఈ మూడు చోట్లకి మాత్రమే రోజూ తగిలేది ఏంటో ఆలోచించండి అన్నారు. తిన్నాక మూతి, పాకి వచ్చాక చేతులు, డైపర్ మార్చినప్పుడు కింద, మూడింటికీ వెళ్లేది తడి వైప్ ఒక్కటే!

ప్యాకెట్ వెనక సన్నక్షరాల్లో చూస్తే మిథైల్‌ఐసోథయజోలినోన్ అని ఉంది. తడిగా ఉండే ఉత్పత్తుల్లో బూజు, బ్యాక్టీరియా పెరక్కుండా కలిపే ప్రిజర్వేటివ్ అది. దీనివల్ల వచ్చే అలర్జీలు బాగా పెరిగాయని అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాళ్ళు 2013లో దీన్ని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించారు, ఒంటికి రాసి కడక్కుండా వదిలేసే ఉత్పత్తుల్లో యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది. ఇప్పుడు చాలా వైప్స్‌లో ఇది ఉండదు, అందుకని మీ ఇంట్లోవాటిలో కూడా ఉందని నేను అనను, చదివి చూడమంటున్నా అంతే. మేం వైప్స్ పూర్తిగా ఆపేసి గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ వాడాం. వెంటనే తగ్గలేదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, కాంటాక్ట్ అలర్జీ, అంటే ఒంటికి తగిలినదాని వల్ల వచ్చే అలర్జీ అయితే కారణం ఆపేశాక కూడా చర్మం కుదుటపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, చాలామంది నాలుగు రోజులు చూసి ఇది కాదేమో అని మళ్ళీ మొదలెట్టేస్తారు. అంతకుముందు క్రీమ్ రాసినప్పుడల్లా తగ్గి మళ్ళీ రావడం కూడా ఇందుకే, క్రీమ్ వాపుని అణిచేది, మరోపక్క రోజూ వైప్ తగులుతూనే ఉండేది.

మీ పాపది కూడా వైప్స్ వల్లే అని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఆ డాక్టర్ చూసిన పద్ధతి మీకు చెప్పాలని రాశా. ర్యాష్ ఎక్కడ ఉంది అనేది అందరం చూస్తాం, ఎక్కడ లేదో చూస్తే సగం కారణాలు అక్కడికక్కడే కొట్టుకుపోతాయి.

ఉదాహరణకి డైపర్ ప్రాంతమే తీసుకోండి. మూత్రం, మలం తగిలి ఒరుసుకోవడం వల్ల వచ్చేది పైకి ఉబ్బెత్తుగా ఉండే చోట్ల ఉంటుంది, గజ్జల మడతల లోపల మాత్రం చర్మం బాగానే ఉంటుంది. అదే ఫంగస్ అయితే తిరగబడుతుంది, మడతల్లోనే మంటెక్కినట్టు ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఇది ఎక్కువ. ఎగ్జిమా అయితే బుగ్గలు, చేతులు కాళ్ళ బయటి వైపు పొడిగా గరుగ్గా దురదగా ఉంటాయి, డైపర్ లోపల తేమ ఉంటుంది కాబట్టి అక్కడ చర్మం నున్నగా మిగిలిపోతుంది, ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తుమ్ముల అలర్జీ ఉంటే అనుమానం ఇంకొంచెం బలపడుతుంది. మాడు మీద, కనుబొమ్మల్లో పసుపుపచ్చగా జిడ్డు పెచ్చులు కట్టి, బిడ్డకి మాత్రం పెద్దగా దురద లేదంటే అది క్రేడిల్ క్యాప్. చెమటకాయలు మెడ మడతల్లో, వీపు మీద, బట్ట ఒత్తుకునే చోట వస్తాయి, చల్లబరిస్తే దిగిపోతాయి. బొడ్డు దగ్గర గుండ్రంగా ఒక్క మచ్చే ఉంటే ప్యాంటు మీద లోహపు బటన్ ఉందేమో చూడండి, నికెల్ అలర్జీ అలాగే ఉంటుంది. అరచేతులు, అరికాళ్ళు, వేళ్ళ సందుల్లో పొక్కులు, రాత్రిళ్ళు దురదతో నిద్రపోకపోవడం, ఇంట్లో ఇంకెవరో కూడా గోక్కుంటూ ఉండటం, ఈ మూడూ కలిస్తే గజ్జి అయ్యుండొచ్చు, అప్పుడు ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఇవి చాలాసార్లు ఎర్రగా కనిపించవు, ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో బూడిదగానో ఉంటాయి, అందుకని ఫోటోలతో పోల్చుకునేకన్నా వేలితో తడిమి గరుకు, వేడి, ఉబ్బు చూసుకోవడం మంచిది.

మీ పాపకి మూతి చుట్టూ అన్నారు కదా, పళ్ళొచ్చే వయసు కూడానూ, చొంగ ఎక్కువ కారుతోందా? చొంగ నిలిచి ఆరే గడ్డం కింద, మెడ ముందు వైపు కూడా ఉంటే అది ఒక్కటే చాలు చర్మం పాడవడానికి. టమాటా, నారింజ లాంటి పుల్లటివి మూతికి అంటుకున్న చోట ఎర్రబడితే అది చాలావరకు పైపైన చర్మం మండటమే, లోపలి అలర్జీ కాదు. తినిపించే ముందు మూతి చుట్టూ పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి, తినడం అయ్యాక రుద్దకుండా తడిగుడ్డతో అద్దండి.

రెండోది టైమ్. తిండి అలర్జీ ఎక్కువగా కనిపించే రూపం ఏంటంటే, తిన్న నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ 2 గంటల్లో ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తాయి, ఒక్కో దద్దురు 24 గంటల్లోపే మాయమై ఇంకోచోట లేస్తుంది. వారాల తరబడి అదే బుగ్గ మీద అదే చోట పొలుసుగా కూర్చున్నది ఆ కోవకి రాదు. ఒంటికి తగిలేవాటి అలర్జీ తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది కాబట్టి ఈరోజు కనిపించిన దానికి కారణం ఈరోజు ఉదయం పెట్టిన ముద్దలో వెతికితే దొరకదు. ఇంకొకటి, పుట్టినప్పటి నుంచీ ఇదే సబ్బు వాడుతున్నాం ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా అని మా ఇంట్లో కూడా వాదించారు, కానీ ఆ అలర్జీ ఒక వస్తువు పదే పదే తగలగా తగలగా నెలల తర్వాత ఏర్పడొచ్చు, అందుకని పాతవాటిని లిస్టులోంచి తీసేయకండి. జ్వరం మూడు నుంచి ఐదు రోజులు బాగా వచ్చి, తగ్గిపోగానే ఒళ్ళంతా గులాబీ రంగు మచ్చలు వస్తే అది రోజియోలా అనే వైరస్ జ్వరం, దానంతటదే పోతుంది. కొత్త మందు మొదలుపెట్టాకో, తట్టు టీకా వేయించిన వారం పది రోజులకో వచ్చినా డాక్టర్‌కి చెప్పండి.

రక్త పరీక్ష గురించి. బిడ్డ చరిత్ర ఏ తిండినీ వేలెత్తి చూపించకుండా ఊరికే అన్ని తిండ్లకీ కలిపి పెద్ద ప్యానెల్ పరీక్ష చేయిస్తే మీకు సమాధానం కంటే భయం ఎక్కువ దొరుకుతుంది. అందులో పాజిటివ్ అంటే ఒంట్లో ఆ తిండికి యాంటీబాడీలు ఉన్నాయని మాత్రమే, తింటే కచ్చితంగా రియాక్షన్ వస్తుందని కాదు, ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఉత్తుత్తి పాజిటివ్‌లు మరీ ఎక్కువ. పైగా వైప్స్, క్రీములు, నికెల్ లాంటి కాంటాక్ట్ అలర్జీ ఈ రక్త పరీక్షలో అసలు కనిపించదు, దానికి వీపు మీద అతికించి 48 గంటలు ఉంచి చూసే ప్యాచ్ టెస్ట్ వేరే ఉంది, అవసరమో కాదో చర్మ డాక్టర్ చెప్తారు.

మీ తిండి విషయం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. పాలిచ్చే తల్లి గుడ్డు, పాలు, వేరుశనగ ఒకేసారి మానేసి బతకడం చిన్న విషయం కాదు, అది కూడా ఇంట్లో అందరి మాటలూ పడుతూ. తల్లి తిన్న ప్రోటీన్ కొంచెం పాలల్లోకి వెళ్తుంది నిజమే, కొందరు పిల్లలకి ముఖ్యంగా ఆవుపాల ప్రోటీన్ పడకపోవడమూ నిజమే, కానీ అప్పుడు సాధారణంగా మలంలో రక్తం, జిగురు, వాంతులు, బరువు పెరగకపోవడం లాంటివి కూడా కనిపిస్తాయి. బుగ్గల మీద ర్యాష్ ఒక్కటే ఉంటే తల్లి పస్తులుండి బాగయ్యేది తక్కువ. డాక్టర్ గట్టిగా అనుమానిస్తే ఒక్కటే పదార్థం 2 నుంచి 4 వారాలు ఆపి, మళ్ళీ తిని చూసి తేల్చుకుంటారు, మీరు చేసినట్టు మూడూ కలిపి ఆపితే ఏదో తెలియదు. పాపకి పెట్టే తిండి కూడా డాక్టర్ని అడక్కుండా వాయిదా వేయకండి, 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న పసిపిల్లలకి ముందుగానే వేరుశనగ అలవాటు చేస్తే తర్వాత దాని అలర్జీ దాదాపు 80 శాతం తగ్గిందని తేలింది. అయితే ఒకసారి దద్దుర్లు, వాపు వచ్చిన తిండిని మాత్రం ఇంట్లో మళ్ళీ పెట్టి పరీక్షించొద్దు.

ఈలోగా ఒంటికి తగిలేవన్నీ తగ్గించేయండి. గోరువెచ్చని నీళ్ళతో ఐదు పది నిమిషాల స్నానం, అద్ది తుడిచి తడి ఆరకముందే సువాసన కలపని మాయిశ్చరైజర్, బట్టలు ఇంకోసారి నీళ్ళలో జాడించడం, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ బంద్. పాపని ఎత్తుకునేవాళ్ళ పెర్ఫ్యూమ్, హెయిర్ డై, మొహానికి రాసుకునే క్రీమ్ కూడా లెక్కలోకే వస్తాయి, బుగ్గ ఆనేది అక్కడే. నేచురల్ అని రాసున్నవి నమ్మొద్దు, మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలకీ అలర్జీలు వస్తాయి. ఏదైనా మారిస్తే ఒకసారి ఒక్కటే మార్చి కొన్ని వారాలు ఆగండి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు డాక్టర్ చెప్పకుండా రాయొద్దు, పసిపిల్లల చర్మం మందుని ఎక్కువ పీల్చుకుంటుంది, డైపర్ మూసి ఉంచే చోట ఇంకా ఎక్కువ. మీరిప్పుడు రాస్తున్న క్రీమ్ పేరు రాయలేదు, దాంట్లో ఏముందో చూడండి.

ఈరోజు పాపని కిటికీ వెలుతురులో పడుకోబెట్టి డైపర్‌తో సహా అన్నీ విప్పి, ముందు వెనక ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీయండి, ర్యాష్ లేని చోట్లు కూడా. చెవుల వెనక, మెడ మడతలు, వేళ్ళ సందులు మర్చిపోవద్దు. రెండు మూడు రోజులకోసారి అదే చోట అదే టైమ్‌లో మళ్ళీ తీయండి, పక్కనే ఆ రోజు కొత్తగా తగిలింది, తిన్నది రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాప ఒంటికి వాడే ప్రతి ప్యాకెట్, ట్యూబు ఒక సంచిలో వేసుకెళ్ళండి, ఆ పూట చర్మం మీద ఏమీ రాయకండి, ర్యాష్ అసలు రూపం వాళ్ళకి కనిపించాలి.