సోషల్ బట్టీ, తెలుగు బోరు... ట్యూషన్ పెట్టాలా?

ప్రశ్న: మేడం, మాది కావలి. మా పాప గవర్నమెంటు స్కూల్లో ఏడో తరగతి. సోషల్లో ఢిల్లీ సుల్తానులు, కాకతీయులు, విజయనగరం అని వరసగా రాజులే, రాత్రంతా సంవత్సరాలు బట్టీ కొట్టి పొద్దున స్లిప్ టెస్టులో సగం మర్చిపోతది. తెలుగులో సంధులు అంటేనే పుస్తకం మూసేస్తది. ‘మన ఊళ్ల గురించి ఒక్క ముక్క లేదు, ఆ రాజులు నాకెందుకమ్మా’ అంటది. నేను పదితో ఆపేశాను. ఎట్టా చెప్పాలి, ట్యూషన్ పెట్టాలా?
— ఒక తల్లి

జవాబు: ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ. మన ఊళ్ల గురించి లేదు అన్నది మాత్రం నేను ఒప్పుకోను, పాఠంలో పేరు పెట్టి చెప్పకపోయినా ఆ రాజులు తిరిగింది మన చుట్టుపక్కలే.

కాకతీయుల్నే తీసుకోండి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు అని పాప బట్టీ కొట్టే ఉంటది. మోటుపల్లి ఎక్కడో కాదు, చినగంజాం దగ్గర, మొన్న 2022లో బాపట్ల జిల్లాకి పోయింది గానీ అంతకుముందు మన ప్రకాశమే. తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చిందంటే అందులో సరుకంతా రాజులే లాగేసుకునే రోజులవి, పాపం ఆ వ్యాపారి గతేంది? అట్ట లాక్కోము, సుంకం కడితే చాలు అని ఈయన రాయి మీద చెక్కించాడు. తుఫాను అంటే ఏందో కావలి పిల్లకి వేరే చెప్పాలా! ఈ కథ చెప్పినాక సంవత్సరం అడగండి, చెప్తది.

అదే గణపతిదేవుడి దగ్గరికే మన తిక్కన పోయాడంటారు. నెల్లూరు రాజు మనుమసిద్ధి గద్దె పోగొట్టుకుంటే, తిక్కన ఓరుగల్లు పోయి సాయం అడిగితే కాకతీయ సైన్యం వచ్చి మళ్లీ నిలబెట్టిందని కథ. భారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన ఆయనే. చూశారా, తెలుగు పీరియడ్లో మనిషి సోషల్ పీరియడ్లోకి వచ్చాడు. బళ్లో రెండిటికీ ఇద్దరు టీచర్లు కాబట్టి ఈ లింకు ఎవరూ చెప్పరు, వాళ్లని అనడానికీ లేదు, సిలబస్ పరుగు వాళ్లది.

ఇంక సంధులు. మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఉదయగిరికి పాతకాలంలో ఉదయాద్రి అని కూడా పేరు. విడగొట్టమనండి: ఉదయ + అద్రి, రెండు అ-లు కలిసి ఆ అయింది, సవర్ణదీర్ఘ సంధి, అయిపోయింది. అద్రి అన్నా గిరి అన్నా కొండే, అంటే పర్యాయపదాలు కూడా వచ్చేసినట్టే. ఆ ఉదయగిరి కోటనే కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల దగ్గర్నుంచి 1514లో గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీ తీసుకుపోయి గుడి కట్టించాడు. విజయనగరం పాఠం మొదలుపెట్టే ముందు ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

మీరు పదితో ఆపేశానని భయపడొద్దు. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి కదా, ముందు తెలుగు పేజీ మీకు గట్టిగా చదివి వినిపించమనండి, మీరు వంట చేసుకుంటానే ‘ఎందుకంట?’ అని అడ్డం తగలండి, ఇంగ్లీషు పేజీ తర్వాత.

కుదిరితే ఒక ఆదివారం ఉదయగిరి తీసుకుపోండి. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ కొండ ఎక్కేసరికి చరిత్ర కాదు, మంచినీళ్లే గుర్తొస్తాయి.