న్యూరోఫీడ్‌బ్యాక్ మొదటి సెషన్‌కి వెళ్తున్నాను, ఏం జరుగుతుంది?

వచ్చే వారమే మొదటి సెషన్ అనీ, తలకు కరెంటు పెడతారేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. ఆ భయం అక్కర్లేదండీ. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే మన మెదడు తరంగాలు ఎలా ఉన్నాయో అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూపిస్తూ, వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ. మామూలు ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పద్ధతి) న్యూరోఫీడ్‌బ్యాక్‌లో తలకు అతికించే ఎలక్ట్రోడ్లు మెదడు తరంగాలను చదువుతాయి, అంతే. లోపలికి ఏమీ పంపవు. అయితే ఇదే పేరుతో సన్నటి సిగ్నల్ పంపే పద్ధతులు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి, మీకు చేసేది ఏదో ముందే అడిగి తెలుసుకోండి.

నేను ఆందోళనకీ, నిద్ర పట్టకపోవడానికీ కొన్ని నెలలు వెళ్ళాను. మొదటి రోజు చాలా వరకు మాటలే. నిద్ర, వాడుతున్న మందులు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, అన్నీ అడుగుతారు. ఏదీ దాచకండి. కొందరు 19 ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు, తెరిచి కాసేపు రికార్డు చేస్తారు. బ్రెయిన్ మ్యాప్ అంటారే, అది ఇదే. ఆ రంగుల బొమ్మ చూసి కంగారు పడొద్దు, ఎర్రగా కనిపించిన చోటల్లా జబ్బున్నట్టు కాదు.

అసలు సెషన్‌లో మాడు మీద కొంచెం గరుకుగా ఉండే జెల్‌తో రుద్ది, చిక్కటి పేస్టుతో ఒకటో రెండో ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. చెవి తమ్మెలకు క్లిప్పులు పెడతారు. తలకు నూనె రాసుకుని వెళ్ళకండి, ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోదు. ఎదురుగా స్క్రీన్ మీద వీడియో నడుస్తుంటుంది. తరంగాలు వాళ్ళు పెట్టిన హద్దులో ఉంటే బొమ్మ తేటగా కనిపిస్తుంది, తప్పితే మసకబారుతుంది. పళ్ళు బిగించినా, రెప్పలు గట్టిగా ఆడించినా ఆ కండరాల సిగ్నల్ కూడా కలిసిపోతుంది. తేటగా ఉంచాలని పట్టుబట్టినకొద్దీ నాకు ఇంకా మసకే కనిపించేది. దవడ వదులై, భుజాలు కిందికి దిగి, ఊపిరి నెమ్మదించాక దానంతటదే తేటపడేది. ఆ తేడా ఒంటికి తెలియడమే నాకు దక్కిన పెద్ద లాభం అనుకుంటాను. ఆఫీసులో కూడా దవడ బిగుసుకోవడం వెంటనే పసిగట్టగలుగుతున్నాను.

సెషన్ అయ్యాక అలసట, కాస్త తలనొప్పి, చిరాకు రావచ్చు. మరుసటిసారి తప్పకుండా చెప్పండి, సెట్టింగులు మారుస్తారు.

ఫలితం సంగతి దాపరికం లేకుండా చెప్తాను. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్న 144 మంది పిల్లల మీద అమెరికాలో చేసి 2021లో ప్రచురించిన డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏ శిక్షణ ఇస్తున్నారో పిల్లలకీ, ఇచ్చేవాళ్ళకీ తెలియని) పరిశోధనలో, నిజమైన శిక్షణ తీసుకున్నవాళ్ళూ, ఉత్తుత్తి శిక్షణ తీసుకున్నవాళ్ళూ దాదాపు ఒకేలా మెరుగయ్యారు. నా నిద్ర బాగుపడిన మాట నిజం. కానీ అది తరంగాల శిక్షణ వల్లేనని నేను గట్టిగా అనలేను. ఫోన్ పక్కన పెట్టి కదలకుండా కూర్చోవడం, శ్రద్ధగా వినే మనిషి దొరకడం కూడా పని చేసి ఉండవచ్చు. అందుకే ఖాయంగా తగ్గిస్తామని హామీ ఇచ్చేవాళ్ళను నేనైతే నమ్మను.

సాధారణంగా 20 నుంచి 40 సెషన్లు అంటారు. మొత్తం డబ్బు ఒకేసారి కట్టకండి. పది సెషన్లకో పన్నెండు సెషన్లకో ఆగి చూసుకుందామని మొదట్లోనే మాట్లాడుకోండి. ఎన్నింటికి నిద్రపట్టింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఇవి ఇప్పటినుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే అప్పుడు స్క్రీన్ మీది గ్రాఫ్ కంటే అదే మీకు బాగా చెప్తుంది. మందులు మాత్రం, థెరపిస్టు చెప్పినా సరే, రాసిచ్చిన డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి.